ఎన్నిసార్లు నొక్కినా ఒకటే పిలుపు

లిఫ్టు కోసం మీటని టకటకా నొక్కేవాళ్ళని చూస్తే అతనికి ఒళ్ళు మండేది. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. జీతం ఆలస్యమైనా, టీ చల్లారిపోయినా, బస్సులో ఎవరైనా కాలు తొక్కినా "పర్లేదండీ" అనేవాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఊరుకునేవాడు కాదు. ఎవరైనా మీట మీద వేలితో వాయిస్తుంటే పనిముట్లు కింద పెట్టి మరీ వచ్చి చెప్పేవాడు.

"ఎన్నిసార్లు నొక్కినా పిలుపు ఒకటేనండీ. మొదటిసారికే దానికి వినపడింది. మిగతావన్నీ మీ వేలికి నొప్పి, మీటకి నొప్పి."

లిఫ్టుల మరమ్మతులోనే అతని సగం జీవితం గడిచిపోయింది. పెద్ద పెద్ద మేడల్లో, నాలుగు గోడల మధ్య ఉండే ఆ చీకటి బావిలో, లిఫ్టు నెత్తిమీద నిలబడి తాళ్ళు చూసుకుంటూ, గ్రీజు పూస్తూ బతికినవాడు. చేతులకి అంటిన ఆ నలుపు పెళ్ళిరోజున కూడా పోలేదు. "పెళ్ళికొడుకు చేతులు కడుక్కోలేదేంటి?" అని ఎవరో అంటే, "అది మురికి కాదండీ, జీతం" అని పెళ్ళికూతురే జవాబు చెప్పింది. ఆ మాటకారితనానికి అతను అక్కడికక్కడే పడిపోయాడు.

పెళ్ళయ్యాక ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఇద్దరివేమిటి, ముగ్గురివి. వాళ్ళమ్మ వచ్చి ఉన్నప్పుడు చూడాలి ఆ తమాషా. అత్తకి అల్లుడితో సూటిగా మాట్లాడాలంటే మొహమాటం. అల్లుడికి అత్త ముందు నోరు విప్పాలంటే చెమటలు. ఒకే ఫ్యాను కింద ఆ చివరొకరూ ఈ చివరొకరూ కూర్చుని, "మీ ఆయన్ని ఇంకాస్త వడ్డించుకోమనవే" అని ఆవిడ, "మీ అమ్మని ఎండలో బయల్దేరొద్దని చెప్పు" అని ఇతను. మధ్యలో ఆమె నవ్వు ఆపుకోలేక, "నేను పోతే మీరిద్దరూ సైగలు చేసుకుంటూ బతకాలి" అనేది.

అలాంటి మాటలు అనకూడదు. పైన తథాస్తు దేవతలుంటారంటారు, వాళ్ళకి వేరే పనీపాటా ఉన్నట్టు లేదు.

ఆ అత్తగారిని వాళ్ళ ఊళ్ళో అందరూ గేటమ్మ అంటారు. భర్త రైల్వే గేటు కాపలా కాస్తూ జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. చంటిపిల్లని గేటు పక్క గదిలో పడుకోబెట్టి, ఫోను మోగగానే గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని బయట నిలబడేది. బండి దాటిపోయేదాకా చెయ్యి చాపే ఉంచాలి. చూశావా నాయనా అని డ్రైవర్ని అడగడానికి బండి ఆగదు, చూశానమ్మా అని చెప్పడానికి అతనికి తీరికుండదు. చూశాడనే నమ్మకం మీదే ఆవిడ ఉద్యోగం గడిచింది, కూతురి చదువూ పెళ్ళీ కూడా గడిచాయి.

రిటైరయ్యాక గేటమ్మ అదే ఊళ్ళో ఓ సందులో రెండు గదులు అద్దెకి తీసుకుంది. కూతురూ అల్లుడూ ఉండేది పూట ప్రయాణం దూరంలో. ఓసారి స్నానాలగదిలో కాలు జారి పడి, మోకాలు గుమ్మడికాయలా వాచినా ఎవరికీ చెప్పలేదావిడ. ఎదురింటి టైలరమ్మ చెబితే కూతురికి తెలిసింది. ఇక లాభం లేదు, ఇంట్లో కెమెరా పెట్టిస్తానంది.

"సిగ్గు లేదుటే! తడిబట్టతో బయటికొస్తుంటే మీ ఆయన చూడాలా?"

పక్కనే ఉండి ఆ మాట ఫోనులో విన్న అల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు. కాళ్ళరిగేలా తిరిగి, బొమ్మ తీయనివి, మాట విననివి, మనిషి కదిలితే మాత్రం కబురు పెట్టేవి మూడు పెట్టెలు కొనుక్కొచ్చాడు. అగ్గిపెట్టెలంత ఉంటాయి. వీధి తలుపు దగ్గర ఒకటి, వంటగదిలో ఒకటి, రెండు గదుల మధ్య నడవలో ఒకటి తనే బిగించాడు. ఎక్కడ మనిషి కదిలితే ఫోనులో ఆ చుక్క పచ్చబడి 'టింగ్' మంటుంది. కదలిక లేనిచోట చుక్క బూడిదరంగుకి తిరుగుతుంది. పగటిపూట ఇంట్లో ఎక్కడా చాలాసేపు కదలిక లేకపోతే ఫోను గొంతు చించుకుని మోగుతుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. కదిలిన మనిషి నవ్వుతోందో ఏడుస్తోందో కూడా తెలియదు.

గేటమ్మ వాటికి ఆడబిడ్డలని పేరు పెట్టింది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకు మొగుడే లేడనుకుంటే ముగ్గురు ఆడబిడ్డల్ని తెచ్చి గోడకి తగిలించాడు మీ ఆయన. కూర్చుంటే చాడీ, లేస్తే చాడీ," అని కూతురితో అంది. "కళ్ళు లేవు కాబట్టి ఉండనిస్తున్నానని చెప్పు."

ఏడాది తిరక్కుండా కూతురు పోయింది. జ్వరమన్నారు, రక్తంలో ఏదో ఉందన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మాట పడిపోయే ముందు మొగుడి చెయ్యి పట్టుకుని, "మా అమ్మ జాగ్రత్త. ఆవిడ చెప్పదు, నువ్వడగవు. ఎలా వేగుతారో ఏమో" అంది. ఆ స్థితిలో కూడా కాస్త నవ్వింది.

అందరూ వెళ్ళిపోయాక అత్తా అల్లుడూ ఒకే గదిలో మిగిలారు. మాటలు మోసే మనిషి లేదు. చివరికి అతనే, "ఇక్కడే ఉండిపోండి అత్తయ్యా" అన్నాడు.

ఆవిడ గోడకేసి చూస్తూ చెప్పింది. "అమ్మాయి ఉన్నప్పుడు ఇది కూతురిల్లు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఉండను బాబూ? నా ఇంట్లో నేనుంటాను. ఆడబిడ్డలున్నాయిగా."

ఆ చుక్కలు వచ్చేది భార్య ఫోనుకి. ఇప్పుడా ఫోను అతని చొక్కా జేబులోకి చేరింది. లిఫ్టు బావిలో పనిచేస్తుంటే 'టింగ్' మనేది. అత్తయ్య లేచింది. మరోసారి 'టింగ్'. పాలు కాస్తోంది. తలుపు తీసింది, టైలరమ్మతో కబుర్లకి కూర్చుంటుంది కాబోలు. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ చప్పుడు కోసమే అతను పొద్దున లేచేవాడు. భార్య పోయాక అతనికి మిగిలిన సంసారమంతా ఆ మూడు చుక్కలే. వారానికోసారి ఫోను చేసేవాడు. బావున్నారా అత్తయ్యా, బావున్నాను బాబూ, మీరు బావున్నారా, బావున్నాను, ఉంటాను. అంతటితో ఇద్దరికీ ఆయాసం వచ్చేది.

కొన్నాళ్ళకి నడవలో చుక్కకి ఏదో తెగులు పట్టుకుంది. ఒకసారి మోగి ఊరుకోవలసింది, టింగ్ టింగ్ టింగ్ మని వరసపెట్టి మోగడం మొదలెట్టింది. పొద్దున్నే ఒక విడత, ఒక్కోరోజు మధ్యాహ్నం ఇంకో విడత. అతనితో పనిచేసే ఫిట్టరుని అందరూ బావ అని పిలుస్తారు. ఆ బావ నవ్వి, "నీ ఫోనుకి ఎక్కిళ్ళు పట్టాయిరా. ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు" అన్నాడు.

అతను ఊరికి ఫోను చేశాడు. "అంతా బాగానే ఉందా అత్తయ్యా?"

"బాగానే ఉంది బాబూ. ఏం?"

"ఏం లేదు. ఊరికే."

నడవలో ఏం చేస్తున్నారని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు మహానుభావుడు. అత్తగారు తన ఇంట్లో తను ఎటు తిరిగితే తనకెందుకు? అలాంటివి అడిగే అవసరం రాకూడదనే కదా ఆ కళ్ళులేని పెట్టెలు కొన్నది! తీగ మీద ఆరేసిన బట్ట గాలికి ఊగుతోందేమో అనుకున్నాడు. పెట్టె మీద బల్లి పాకుతోందేమో అనుకున్నాడు. అతని పనిలో దీన్ని దొంగ పిలుపు అంటారు. ఎవరూ లేని అంతస్తులో లిఫ్టు ఊరికే ఆగి తలుపు తెరుస్తుంది, చూస్తే మీటలో దుమ్ము. తుడిచేస్తే సరి.

ఒకరోజు లిఫ్టు నెత్తిన నిలబడి నట్టు బిగిస్తుండగా ఆ ఎక్కిళ్ళు మొదలయ్యాయి. జేబు తడుముకోబోతే చేతిలో స్పానరు జారి, గోడలకి కొట్టుకుంటూ అడుగుదాకా పడిపోయింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. సూపర్‌వైజరు నానా మాటలూ అన్నాడు. ఆ సాయంత్రం అతను కూర్చుని ఫోనుని సరిచేశాడు. ఒకేచోట వెంటవెంటనే కదలికలు వస్తే మొదటిది తప్ప మిగతావి మోగకూడదని పెట్టాడు. ఎన్నిసార్లు నొక్కినా పిలుపు ఒకటేగా. మర్నాటి నుంచి ఎక్కిళ్ళు లేవు. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకి, ఒకనాడు ఓ ఆఫీసు మేడలో పాత లిఫ్టుకి తాడు మార్చే పని. మధ్యాహ్నం భోజనానికి పైకొచ్చి ఫోను చూశాడు. నడవ చుక్క నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. వంటగది, వీధి తలుపు బూడిదరంగులో ఉన్నాయి. అవీ చూశాడు. చూసి, ఇవాళ ఏదో ఉపవాసమై ఉంటుందిలే అనుకున్నాడు.

"మా అత్తయ్య ఇవాళ హుషారుగా ఉంది. ఇల్లు సర్దుతోందిలా ఉంది," అని బావతో చెప్పి, సంతోషంగా భోజనం చేశాడు.

ఇల్లు సర్దడం లేదావిడ. పొద్దున లేచి వస్తూ నడవలో జారి పడి, తుంటి ఎముక విరిగి, ఆ పెట్టె కిందే నేల మీద పడి ఉంది. పక్కకి కూడా తిరగలేక, లేవగలిగిన ఒక్క చెయ్యి ఎత్తి పెట్టెకేసి ఊపుతోంది. నొప్పి పుట్టినప్పుడు దించి, ఓపిక రాగానే మళ్ళీ ఊపుతోంది. చెయ్యి ఊపుతున్నంతసేపూ ఇంట్లో కదలిక ఉన్నట్టే లెక్క, కదలిక ఉన్నంతసేపూ మనిషి క్షేమమనే లెక్క. ఊపడం మానేసి ఉంటే ఫోను గొంతు చించుకునేది. ఆవిడ మానలేదు.

టైలరమ్మ ఆ రోజు అక్కగారింటికి వెళ్ళి దీపాలవేళకి తిరిగొచ్చింది. గేటమ్మ ఇంట్లో లైటు వెలగలేదేమని కిటికీలోంచి చూసి కేక పెట్టింది.

కబురు తెలిసి మర్నాడు అతను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆవిడ ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. మొహం పీక్కుపోయింది. అతన్ని చూసి, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, కళ్ళల్లోకి సూటిగా చూసి నవ్వింది.

"వచ్చారా బాబూ. మీ పని చెడగొట్టాను."

అతను మంచం పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీరు వెంటనే టైలరమ్మని పంపించబట్టి బతికాను. వెంటనే అంటే, పొద్దుగూకింది లెండి. మీరు మాత్రం ఏం చేస్తారు, ఆ తాళ్ళ మీద వేళ్ళాడుతూ ఉంటారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "అమ్మాయి పోయాక మీతో ఏం మాట్లాడాలో నాకు తెలీలేదు. నోటికి రాదు. అందుకని రోజూ లేవగానే ఆ పెట్టె ముందు నిలబడి చెయ్యి ఊపేదాన్ని. బండికి జెండా చూపించినట్టే అనుకోండి. బాగానే ఉన్నాను, మీరు పనికెళ్ళండి అని. ఊసుపోకపోతే మధ్యాహ్నం కూడా. మీరు నవ్వుకునుంటారు."

అతను మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"నిన్న కూడా ఊపాను. నొప్పే గానీ భయం లేదు బాబూ. చూస్తున్నారుగా, ఎవర్నో ఒకర్ని పంపిస్తారులే అనుకున్నాను. చూశారుగా?"

"ఊఁ," అన్నాడతను.

ఆ ఒక్క అక్షరం పట్టుకుని ఆవిడ వార్డంతా చాటింది. మందులిచ్చే నర్సుకి, పక్క మంచం ముసలమ్మకి, గది ఊడ్చే మనిషికి, అందరికీ చెప్పింది. అక్కడెక్కడో ఉండి మా అల్లుడు నన్ను చూస్తూనే ఉన్నాడు, కడుపున పుట్టిన కొడుకైనా ఇలా చూడడు అని. వాళ్ళంతా అతన్ని గౌరవంగా చూస్తుంటే అతను వరండాలోకి వెళ్ళి గోడకి మొహం పెట్టుకుని ఏడ్చాడు.

ఎముకకి ఆపరేషను చేశారు. ఇక మీదట ఒంటరిగా ఉండటం కుదరదని, కనిపెట్టుకుని ఒక మనిషి ఉండాల్సిందేనని డాక్టరు చెప్పాడు. మా ఇంటికి వెళదాం రండి అత్తయ్యా అన్నాడతను. ఆవిడ ససేమిరా అంది.

"మీకెందుకు శ్రమ? నా మంచం తీసుకెళ్ళి ఆ నడవలో వేయించండి, చాలు. ఏం కావాలన్నా చెయ్యి ఊపుతాను. మీరెలాగూ చూస్తారు."

నవ్వుతూ అంది. ఎంత చెప్పినా అదే మాట. టైలరమ్మ పగలు తన కుట్టుపని చూసుకోవాలి, మనిషిని పెడదామంటే అపరిచితులు వద్దంది. అతని అబద్ధం ఇప్పుడు అతని మెడకే చుట్టుకుంది. చూడటానికొచ్చిన టైలరమ్మకి వరండాలో ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె ఒకసారి వార్డులోకి తొంగిచూసి వచ్చింది.

"చెప్పకండి బాబూ. ఆ నమ్మకంతోనే ఆవిడ సాయంత్రం దాకా ప్రాణం నిలుపుకుంది. దాన్ని లాగేసుకోకండి."

"లాగకపోతే మళ్ళీ ఆ పెట్టె కిందకే వెళ్తానంటోంది కదమ్మా. ఈసారి ఏమైనా అయితే?"

 

ఇంటికి పంపించే రోజు పొద్దున అతను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఈసారి గోడకేసి చూస్తున్నది అతను.

"అత్తయ్యా, ఆ రోజు నేను చూడలేదు. అది మీ చెయ్యని నాకు తెలీదు. పెట్టె పాడైందనుకున్నాను. పనిలో అడ్డమొస్తోందని మోగకుండా చేసేశాను. చుక్క పచ్చగా ఉంటే మీరు హుషారుగా తిరుగుతున్నారనుకుని భోజనం చేశాను. టైలరమ్మని నేను పంపలేదు. ఆవిడే వచ్చింది."

పెళ్ళయిన నాటి నుంచీ అత్తగారితో అతను ఏకబిగిన ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిట్టమని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. పైకప్పుకేసి చూస్తూ, లెక్క సరిచూసుకుంటున్నదానిలా అడిగింది.

"అయితే ఆ రోజంతా నేను ఒక్కదాన్నే ఉన్నానన్నమాట."

అతను తల దించుకున్నాడు.

"రోజూ ఊపిందీ?"

 పక్క మంచం ముసలమ్మ ఇటు చూస్తోంది. ఆమెకి మొహం చూపించలేక కాబోలు, గేటమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"సరే బాబూ," అంది. "మీ ఇంటికే వస్తాను. ఎక్కడైనా ఒకటేగా."

అలా అతను కోరుకున్నదే జరిగింది. అత్తగారు అతని ఇంటికి వచ్చింది. కిటికీ ఉన్న గది ఆవిడకిచ్చి తను హాల్లోకి మారాడు. దూరపు పనులు మానుకుని దగ్గర్లో ఉన్న మేడలే చూసుకుంటున్నాడు, అతను లేనప్పుడు ఉండటానికి ఒక ఆయాని కుదిర్చాడు. పోయిన భార్య చూస్తే నమ్మదు గానీ, ఇప్పుడు అతనికి మాటలొచ్చాయి. నొప్పిగా ఉందా అత్తయ్యా, దాహమేస్తోందా, ఎండ పడుతోందా, తలుపు వెయ్యనా అని ప్రాణం తీసేలా అడుగుతాడు. ఆవిడ అన్నిటికీ "లేదు బాబూ" అంటుంది. పెట్టింది తింటుంది. పడుకోమంటే పడుకుంటుంది. మర్యాదకి లోటు లేదు. బండిలో ఎదురు సీట్లో కూర్చున్న మనిషితో ఎలా ఉంటారో అలా ఉంటుంది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అతను హాల్లో బట్టలు మడతపెడుతుంటే గదిలో ఏదో గీరుకున్న చప్పుడైంది. పరుగెత్తి వెళ్ళి చూస్తే, ఆవిడ సగం శరీరం మంచం దిగిపోయి, పళ్ళు బిగబట్టి, బల్ల చివరనున్న మంచినీళ్ళ చెంబు అందుకోవాలని చూస్తోంది. నొప్పికి మొహం తెల్లగా పాలిపోయింది. అతను రెండు చేతులా పట్టుకుని సరిగ్గా పడుకోబెట్టి, తల ఎత్తి నీళ్ళు తాగించాడు. కంగారులో సగం నీళ్ళు దిండు మీదే పోశాడు.

"పిలవచ్చు కదా అత్తయ్యా! ఈ పక్కనే ఉన్నాను కదా!"

ఆవిడ పైటకొంగుతో మూతి తుడుచుకుంది. చెంబు అతని చేతికిచ్చింది.

"పిలిచే అలవాటు పోయింది బాబూ," అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.